మీ జట్టు ఏ యంత్రం మీద ఆడుతోంది? గేమింగ్‌కు ఏది కొనాలో పర్లాకిమిడి నుంచి ఒక సలహా

ఒడిశాలోని గుణుపురంలో ఉంటున్న మా అక్క కొడుకు ప్లస్ టూ పూర్తి చేశాడు. ఇంజనీరింగ్‌లో చేరే ముందు ఇంట్లో ఇస్తామన్న 70,000 రూపాయలతో ఏమి కొనుక్కోవాలో తేల్చుకోలేక, వేసవి సెలవుల్లో పర్లాకిమిడి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "మావయ్యా, పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కొనుక్కోమంటావా, లాప్‌టాప్ కొనుక్కోమంటావా?" అన్నాడు. "నీతో ఆడేవోళ్లు ఎవరెవర్రా? ఆళ్ల దగ్గర ఏటున్నాయి?" అని నేను అడిగితే, అది తరవాత చూసుకోవచ్చులే అన్నట్టు చెయ్యి ఊపాడు. పాతికేళ్లకు పైగా ఆటలు ఆడుతూ, మధ్యలో రెండుసార్లు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదాన్ని బట్టి చెబుతున్నాను, మొదట తేల్చుకోవలసింది అదే. గ్రాఫిక్స్, 4కె తెర స్పష్టత, టెరాఫ్లాప్‌లలో చెప్పే వేగం అన్నీ దాని తరవాత మాట్లాడుకోవలసిన విషయాలు.

మా ఇంటికి మొదటి టీవీ గేమ్ 1997 వేసవిలో వచ్చింది. బరంపురం పనిమీద వెళ్లిన మా నాన్న తెచ్చిన ఆ యంత్రం, నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకలు అని నాకు చాలా ఏళ్ల తరవాత గానీ తెలియలేదు. క్యాసెట్‌ను బయటికి తీసి, కింది సందులోకి నోటితో ఊది, మళ్లీ గుచ్చి, టీవీలో ఛానెల్ సరిచేస్తూ ఉంటే చుక్కల మధ్య నుంచి కాంట్రా అనే ఆట బొమ్మ మెల్లగా తేలేది. ఆ ఆటలో మూడో దశ జలపాతం. ఇద్దరు ఆటగాళ్లూ ఒకే తెర మీద రాయి నుంచి రాయికి ఎగురుతూ పైకి ఎక్కాలి. ఒకడు తొందరపడి ఎగబాకితే తెర అతనితోపాటు పైకి జరిగిపోతుంది, వెనక మిగిలినవాడు తెర కింది అంచు దాటి ప్రాణం పోగొట్టుకుంటాడు. పక్కింటి ఒడియా కుర్రాడూ నేనూ ఆ జలపాతం దగ్గర ఎన్ని సాయంత్రాలు గడిపామో లెక్కలేదు. నేను "ఆగు, ఆగు" అని, వాడు "రుహ, రుహ" అని అరుచుకుంటూ, చివరికి ఎవరి భాష వాళ్లది మరిచిపోయి నేను ఒడియాలో, వాడు తెలుగులో ఆపుకునే స్థితికి వచ్చాం. ఆ కుర్రాడు ఇప్పుడు రాయగడలో ఉద్యోగం చేస్తున్నాడు. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు హెడ్‌ఫోన్‌లో నాకు ఇప్పటికీ వినిపించే మొదటి గొంతు అతనిదే.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. 2022లో నేను ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ అనే టీవీ గేమ్ యంత్రం కొన్నాను. మన దేశంలో అది 2020 నవంబర్ 10న 34,990 రూపాయలకు వచ్చింది. 2021 ఫిబ్రవరి 2న వచ్చిన పీఎస్5 డిస్క్ రకం ధర 49,990. ఆ పదిహేను వేల తేడా చూసి, మంచి బేరం చేశానని సంతోషించాను. అప్పటికి రాయగడ మిత్రుడి దగ్గరా, విశాఖలో ఉన్న మా పిన్ని కొడుకు దగ్గరా ప్లేస్టేషన్లు ఉన్నాయి, బెంగళూరులో ఉన్న నాలుగో మిత్రుడి దగ్గర కంప్యూటర్ ఉంది. ప్లేస్టేషన్ వాళ్లిద్దరూ జీటీఏ ఆన్‌లైన్ అనే దొంగతనాల ఆట ఆడేవారు. ఆ ఆటలో ప్లేస్టేషన్ వాళ్లు ఎక్స్‌బాక్స్ వాళ్లను కలవలేరు, కంప్యూటర్ వాళ్లు ఆ ఇద్దరిలో ఎవరినీ కలవలేరు. ఎల్డెన్ రింగ్ అనే మరో ఆట కూడా అంతే. మొదటి రెండు నెలలూ నేను ఫోన్‌లో వాట్సాప్ కాల్ పెట్టుకుని, వాళ్ల దొంగతనాల కథలు వింటూ, నా గదిలో నేను ఒంటరిగా కారు పందేలు ఆడుకున్నాను. యంత్రం బాగుంది, ఆట బాగుంది, టీవీలో బొమ్మ బాగుంది, అయినా వాళ్లు నవ్వుతున్న ప్రతిసారీ నాకు డబ్బు వృథా అయిందనే అనిపించేది.

అందుకని కొనే ముందు ఒక కాగితం మీద మీ జట్టులో ఎవరెవరు ఉన్నారో, వాళ్ల దగ్గర ఏ యంత్రం ఉందో, మీరు కలిసి ఆడాలనుకునే మూడు ఆటలు ఏవో రాసుకోండి. ఆ మూడు ఆటల్లో ఒక యంత్రం వాళ్లు మరో యంత్రం వాళ్లతో కలిసి ఆడే వీలు, అంటే క్రాస్‌ప్లే, ఉందో లేదో ఒక్కొక్కటిగా చూసుకోండి. ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్, వార్‌జోన్‌లలో అది ఉంది. మైన్‌క్రాఫ్ట్‌లో బెడ్‌రాక్ అనే రకం అన్ని యంత్రాలనూ కలుపుతుంది. కంప్యూటర్‌లో జావా రకం ఆడుతున్నవాళ్లు మాత్రం కన్సోల్ (ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి ఆటల యంత్రం) వాళ్లను కలవలేరు, కాబట్టి ఇద్దరూ ఏ రకం తెరుస్తున్నారో ముందే మాట్లాడుకోవాలి. ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు ఫిఫా 23 నుంచి ఒకే తరం యంత్రాల మధ్య ఆ వీలు వచ్చింది, పీఎస్4లో ఉన్నవాడు పీఎస్5లో ఉన్నవాడితో ఆడలేడు. కౌంటర్ స్ట్రైక్ 2 కంప్యూటర్‌కే పరిమితం. వాలరెంట్ 2024లో కన్సోళ్ల మీదకూ వచ్చింది గానీ కంప్యూటర్ వాళ్లతో కలిపి ఆడనివ్వదు. బీజీఎంఐ, అంటే ఒకప్పటి పబ్జీ, ఫోన్ ఆట. మీ మూడు ఆటల్లో రెండింటికి క్రాస్‌ప్లే లేకపోతే మీకు నిర్ణయించుకోవలసింది ఏమీ మిగలలేదు, స్నేహితుల దగ్గర ఉన్న యంత్రమే కొనాలి.

మాటల సంగతి దీనితోపాటే చూసుకోవాలి, ఎందుకంటే మాలాంటి వాళ్లకు శనివారం రాత్రి ఆట సగమైతే మాట సగం. ప్లేస్టేషన్ పార్టీ చాట్‌లో ప్లేస్టేషన్ వాళ్లు, ఎక్స్‌బాక్స్ పార్టీలో ఎక్స్‌బాక్స్ వాళ్లు మాత్రమే ఉంటారు. నలుగురూ నాలుగు చోట్ల ఉంటే డిస్కార్డ్ అనే మాటల యాప్ ఒక్కటే దారి. దాని ఖాతాను ఎక్స్‌బాక్స్‌కు 2022 నుంచి, పీఎస్5కు 2023 నుంచి జతచేసి మాట్లాడుకోవచ్చు. పీఎస్4 వాళ్లు దాన్ని ఫోన్‌లో పెట్టుకుని ఒక చెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకోవలసిందే. పీఎస్5 కంట్రోలర్‌లో మైక్ దానిలోనే ఉంటుంది. అది చేతికి సౌకర్యమే గానీ, మా పిన్ని కొడుకు అదే వాడినన్నాళ్లూ వాళ్ల ఫ్యాను చప్పుడు, వంటింట్లో కుక్కర్ విజిళ్లు మా అందరి చెవుల్లో పడేవి. మూడో విజిల్‌కు స్టవ్ కట్టెయ్యమని పిన్ని అతనికి చెప్పిన మాట మేమంతా విని, మేమే లెక్కపెట్టి గుర్తు చేసేవాళ్లం. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో మైక్ లేదు. రెండింటికీ కింద 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంటుంది కాబట్టి, మైక్ ఉన్న మామూలు తీగ ఇయర్‌ఫోన్ కొన్ని వందల రూపాయలకు తెచ్చుకుంటే సరిపోతుంది. బ్లూటూత్ ఇయర్‌బడ్‌లు ఈ రెండు కన్సోళ్లకూ నేరుగా అతకవు. ఈ ఒక్క సంగతి తెలియక ఖరీదైన బడ్స్ కొనేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వస్తాను. నగరాల వాళ్లు చేసే పోలికల్లో నెట్, కరెంటు, రిపేరు అనే మూడింటికి చోటు ఉండదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉండేవాళ్లకు ఆ మూడే సగం లెక్క తేలుస్తాయి.

పెద్ద ఆట ఒకటి 100 జీబీ ఉండడం ఇప్పుడు మామూలే. 40 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ నిలకడగా ఉంటే అది దిగడానికి అయిదున్నర గంటలు పడుతుంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ఫోన్ ప్లాన్ మీద దించాలంటే 67 రోజులు కావాలి, అంటే అది జరిగే పని కాదు. అందుకని ఇంట్లో ఫైబర్ లేనివాళ్లు డిస్క్ లేని యంత్రం జోలికి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు డిస్క్ పెట్టే చోటే లేదు. పైగా 512 జీబీ రకంలో మనం వాడుకోవడానికి మిగిలేది 364 జీబీ, కాబట్టి మూడు నాలుగు పెద్ద ఆటలతో నిండిపోతుంది. ఒకదాన్ని తీసేసి మరొకదాన్ని దించుకోవడం ఫైబర్ ఉన్న ఇంట్లో ఒక రాత్రి పని, లేని ఇంట్లో నెలల పని. మాటలకు మాత్రం నెట్ పెద్దగా ఖర్చు కాదు. సెకనుకు 64 కిలోబిట్లతో మాట్లాడితే ఒక వైపు గంటకు 30 ఎంబీ కూడా దాటదు. మరొక చిక్కు ఉంది. పాతపట్నం వైపు ఇళ్లున్నవాళ్లకు ఫోన్ ఒకసారి ఒడిశా టవర్‌నూ, ఒకసారి ఆంధ్రా టవర్‌నూ పట్టుకుంటూ ఉంటుంది. పాటలు వింటున్నప్పుడు అది తెలియదు. కాల్పుల ఆటలో టవర్ మారిన ఆ ఒక్క క్షణంలోనే మన మనిషి నేలకూలి ఉంటాడు. హాట్‌స్పాట్ మీద ఆడక తప్పనివాళ్లు ఫోన్‌ను ఒకే కిటికీ దగ్గర, ఒకే చోట కదపకుండా పెట్టుకోవడం మంచిది.

కరెంటు విషయంలో తేడాలు పైకి కనిపించేదానికంటే పెద్దవి. పెద్ద ఆట నడుస్తున్నప్పుడు పీఎస్5 దాదాపు 200 వాట్లు, సిరీస్ ఎస్ 75 వాట్ల చుట్టుపక్కల లాగుతాయి. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు లెక్క వేస్తే మొదటిదానికి 12 యూనిట్లు, రెండోదానికి నాలుగున్నర. బిల్లులో అది పెద్ద తేడా కాకపోవచ్చు, ఇన్వర్టర్ మీద మాత్రం చాలా తేడా. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాని మీద యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉందేమో చూసి వేసుకోవాలి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో కన్సోల్ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. వర్షాకాలంలో యంత్రాన్ని పూర్తిగా ఆపకుండా రెస్ట్ మోడ్‌లో వదిలేసి నిద్రపోవద్దు. కరెంటు అలా తెగితే పీఎస్5 మళ్లీ లేచేటప్పుడు, సరిగా ఆపలేదని హెచ్చరించి స్టోరేజ్‌ను సరిచూసుకోవడం మొదలుపెడుతుంది. అది వారానికి రెండుసార్లు జరిగితే గుండె గుబేలుమంటుంది.

తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది. మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయిన ఆ రోజుల్లో ఆటల ధ్యాస ఎవరికీ లేదు. మా వీధికి కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. మూడో రోజు రాత్రి, భయపడి నిద్రపోని పిల్లలు నలుగురిని కూర్చోబెట్టి, నా పాత లాప్‌టాప్‌లో మిగిలి ఉన్న 40 శాతం ఛార్జితో, నెట్ అవసరం లేని ఒక చిన్న గెంతుల ఆట పెట్టాను. వంతులవారీగా ఒక్కొక్కరూ ఒక్కో ప్రాణం ఆడారు. గంటసేపటికి తెర ఆరిపోయింది, పిల్లలు కూడా నిద్రలో పడ్డారు. అప్పటి నుంచి ఏ యంత్రం మీదైనా నెట్ లేకుండా తెరుచుకునే ఆట ఒకటైనా దించి ఉంచుకుంటాను. ఆన్‌లైన్ ఆటలే తప్ప మరేమీ లేని కన్సోల్ తుపాను రోజున ఉత్త పెట్టె.

ఒక్కొక్కదాని మీద నా అభిప్రాయం చెబుతాను. ఫోన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. జట్టంతా బీజీఎంఐ ఆడుతూ ఉంటే, ఉన్న ఫోన్ చాలు. దాని కోసం కొత్తది కొనవలసిన పని లేదు. ఆట పోయే ప్రమాదం మాత్రం గుర్తుంచుకోవాలి. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు, 2021 జూలైలో బీజీఎంఐగా వచ్చింది, 2022 జూలైలో మళ్లీ తీసేశారు, 2023 మేలో తిరిగి వచ్చింది. డబ్బు పెట్టి బట్టలు, తుపాకీ రంగులు కొనుక్కున్న మా వీధి కుర్రాళ్లు ఆ నెలల్లో పడిన బెంగ నేను కళ్లారా చూశాను.

పీఎస్5 కొనేటట్టయితే డిస్క్ రకమే కొనండి. డిస్క్ పెట్టే చోటు లేని డిజిటల్ రకం మన దేశంలోకి పదివేలు తక్కువకే వచ్చిన మాట నిజమే, కానీ ఆ తేడా డబ్బు డిస్కులు చేతులు మారే ఊళ్లో ఏడాది తిరక్కుండా వెనక్కి వస్తాయి. ఒక ఆట పూర్తి చేసి బరంపురంలోనో విశాఖలోనో అమ్ముకోవచ్చు, రాయగడ మిత్రుడికి బస్సులో పంపి అతని దగ్గరున్నది తెప్పించుకోవచ్చు, పీఎస్4 డిస్కులు చాలావరకు దానిలోనే ఆడుకోవచ్చు. మా మిత్రుల మధ్య ఒకే ఫుట్‌బాల్ డిస్క్ ఏడాదిలో మూడు ఇళ్లు తిరిగింది. దాని పెట్టె మూత విరిగి, రబ్బరు బ్యాండ్ చుట్టి ఉంది. కొత్త ఆటల్లో చాలావాటికి డిస్క్ పెట్టిన తరవాత కూడా నెట్ నుంచి మరికొంత దిగవలసి ఉంటుంది, అయినా మొత్తం దించుకోవడం కంటే అది మేలు. డబ్బు పెట్టి కొన్న ఆటలను ఆన్‌లైన్‌లో ఆడడానికి ప్లేస్టేషన్ ప్లస్ చందా కట్టాలి, ఎక్స్‌బాక్స్‌కూ దాని చందా దానికి ఉంది. ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్ వంటి ఉచిత ఆటలకు రెండింటిలోనూ చందా అక్కరలేదు. కంప్యూటర్‌లో ఆ గొడవే లేదు.

సిరీస్ ఎస్‌ను నేను తిట్టను, అది ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది. ఫైబర్ ఉండి, చిన్న టీవీ ఉండి, రకరకాల ఆటలు రుచి చూడాలనుకునేవాళ్లకు కట్టినన్నాళ్లూ బోలెడు ఆటలు ఆడనిచ్చే గేమ్ పాస్ చందాతో అది బాగా పనికొస్తుంది. చందా ఆగితే ఆ ఆటలూ ఆగుతాయి కాబట్టి మూడేళ్ల చందాను ధరలో కలుపుకుని చూడాలి. అప్పుడు పదిహేను వేల తేడా ఏమీ మిగలదు. 32 అంగుళాల పాత టీవీ ఉన్నవాళ్లు 4కె కోసం డబ్బు పెట్టకండి. ఆ టీవీల్లో చాలావాటి తెర 1366×768 మాత్రమే. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఉందేమో చూసి వేసుకుంటే, కొత్త టీవీ కొన్నంత మార్పు మీట నొక్కిన చేతికి తెలుస్తుంది.

చేతిలో పట్టుకుని ఆడే యంత్రాల్లో నింటెండో స్విచ్, స్టీమ్ డెక్‌లను వాటి కంపెనీలు మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు. దొరికేవన్నీ బయటి నుంచి తెచ్చినవి, వారంటీ అమ్మినవాడి మాట మీద ఆధారపడి ఉంటుంది. మా ఊళ్లకు నేను సిఫారసు చేయను.

వాడిన పీఎస్4 తక్కువ డబ్బుకు మంచిదే, కొత్త ఆటలు దానికి తగ్గిపోతున్నాయని తెలిసి కొనుక్కోండి. నేను ఒకసారి ఒక దుకాణంలో వాడిన పీఎస్4 కొన్నాను. అప్పటికే కేబుల్ తగిలించి ఆట నడుస్తూ ఉంటే చూసి, డబ్బు కట్టి, ఇంటికి తెచ్చుకున్నాను. ఇంట్లో హెచ్‌డీఎంఐ తీగ గుచ్చితే ఆ రంధ్రం వదులై ఊగుతోంది. తీగను కొంచెం ఎడమకు వంచి పట్టుకుంటే బొమ్మ వస్తుంది, వదిలితే పోతుంది. మా ఊళ్లో కంపెనీ సర్వీస్ సెంటర్ లేదు, దాన్ని విశాఖ పంపి బాగుచేయించడానికి మిగిలిన డబ్బూ పోయింది. కాబట్టి మీ చేత్తో తీగ తీసి మళ్లీ గుచ్చి చూడండి. డిస్క్ పెట్టి, బయటికి తీసి, మళ్లీ పెట్టండి. కంట్రోలర్ కర్రలను ముట్టుకోకుండా వదిలి తెర మీద మనిషి దానంతటదే నడుస్తున్నాడేమో గమనించండి. అరగంట ఆట నడిపి ఫ్యాను చప్పుడు వినండి. పాత యజమాని ఖాతా తీసేయించుకుని గానీ డబ్బు ఇవ్వకండి.

మేనల్లుడి చేత కూడా ఆ కాగితం రాయించాను. అతనితో ఆడేవాళ్లు అయిదుగురు, వాళ్లలో నలుగురు కంప్యూటర్ మీద కౌంటర్ స్ట్రైక్ 2, వాలరెంట్ ఆడుతున్నారు. పైగా ఇంజనీరింగ్ చదువుకు లాప్‌టాప్ ఎలాగూ కావాలి. పీఎస్5 మీద అతనికి మనసు ఎంత ఉందో నాకు తెలుసు, నేనూ కన్సోల్ మనిషినే, అయినా లాప్‌టాప్ కొనుక్కోమన్నాను. గ్రాఫిక్స్ కార్డు పేరు చూసి ఊరుకోకుండా, దానికి ఆ లాప్‌టాప్ ఎన్ని వాట్లు ఇస్తుందో చూడమన్నాను. ఆర్‌టీఎక్స్ 4050 అనే ఒకే పేరు మీద 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా రకాలు ఉన్నాయి, వాటి వేగాలు ఒకటి కావు. ర్యామ్ 16 జీబీకి తగ్గకూడదు, రెండో ఎస్ఎస్‌డీ పెట్టుకునే చోటు ఉండాలి, ఛార్జర్ తీసేస్తే ఆట వేగం పడిపోతుందని ముందే తెలిసి ఉండాలి. ఆటలు స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొంటే, కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆ రెండు గంటల్లో తన యంత్రం ఆ ఆటను మోస్తుందో లేదో చూసుకోమన్నాను.

చివరికి అతను ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ రకం లాప్‌టాప్ తీసుకున్నాడు. బిల్లు వాళ్ల నాన్న పేరున గుణుపురం చిరునామాతో రాయించి, ఫోటో తీసి నాకు కూడా పంపాడు. హాస్టల్‌లో వైఫై రాత్రి పదకొండుకు కట్టేస్తారట, ఆటలను అడ్డుకుంటుందో లేదో ఇంకా చూడలేదట. అందుకని డబ్బు పెట్టి ఏ ఆటా అప్పుడే కొనవద్దని చెప్పాను. ముందు శనివారం రాకెట్ లీగ్‌లో నా సిరీస్ ఎస్‌తో, రాయగడ పీఎస్5తో కలిసి మూడు మ్యాచులు ఆడి చూస్తాం. అది ఉచితం, అందరినీ కలుపుతుంది, అయిదు నిమిషాల ఆట. పింగ్, అంటే మన నొక్కు నెట్‌లో వెళ్లి రావడానికి పట్టే సమయం, నిలకడగా ఉంటే ఫుట్‌బాల్ కొంటాడు.